"అక్కడ సేఫేనా నాన్నా?"

మొన్న ఆదివారం అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, డిసెంబర్లో అందరం ఫుకెట్ వెళ్తున్నాం, టికెట్లు కూడా బుక్ చేసేశానని. అవతల రెండు సెకన్లు సైలెన్సు. తర్వాత మా అమ్మ మార్కు ప్రశ్న వచ్చింది.

"అక్కడ సేఫేనా నాన్నా?"

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, డేటాతో కొట్టాను. హోటల్‌కి నాలుగు పాయింట్ ఆరు రేటింగ్ ఉందన్నాను, మూడు వేల మంది రాశారన్నాను, మా టీమ్‌లో సగం మంది వెళ్ళొచ్చారన్నాను.

"రేటింగు ఎవరిస్తార్రా?"

"వెళ్ళొచ్చిన వాళ్ళే ఇస్తారమ్మా."

"మరి వెళ్ళి రానివాళ్ళు ఇవ్వరుగా?"

అంతే, నా దగ్గర సమాధానం లేదు. మేం మీటింగుల్లో పెద్ద పెద్ద పేర్లు పెట్టి మాట్లాడుకునే విషయాన్ని ఆవిడ పప్పు పోపు వేస్తూ తేల్చేసింది. (పోపు చప్పుడు ఫోన్లో వినపడింది, అబద్ధం కాదు.)

అమ్మ భయానికి కారణాలు లేకపోలేదు. 2014 జూన్‌లో హైదరాబాద్ నించి టూర్‌కి వెళ్ళిన ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు, డ్యామ్ నించి వదిలిన నీళ్ళకి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు, అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. టీవీ చూసే ఏ అమ్మకైనా ఊరు దాటితే ప్రమాదమే అనిపిస్తుంది. నాకు ఆశ్చర్యంగా ఉండేది ఇంకోటి. ఆవిడ బందరులో పుట్టి బెజవాడలో కాపురముంటోంది. ఆ రెండు ఊళ్ళలో నీళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదనుకోండి. దాని సంగతి చివర్లో చెప్తాను, చెప్పడం కొంచెం కష్టమే.

ఆ రాత్రి నిద్ర పట్టక పాత ప్రయాణికుల పుస్తకాలు తిరగేశాను. ఇది నాకున్న పాత జబ్బు, రిలీజ్ ముందు రోజు రాత్రి ఎక్కువవుతుంది. అప్పుడు తట్టిన సంగతి ఏంటంటే, ఒకప్పుడు మనమే ఫుకెట్. సముద్రం దాటి వచ్చేవాళ్ళకి ఫారిన్ ఊరు అంటే బందరు. "అక్కడ సేఫేనా?" అని ఆమ్‌స్టర్‌డామ్‌లోనో లండన్‌లోనో ఏ తల్లో అడిగే ఉంటుంది, మా ఊరి గురించి.

డచ్చివాళ్ళు బందరులో దిగింది 1605లో. ఇంగ్లీషువాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడ మీద వచ్చారు. అప్పటికి బందరు గోల్కొండ కుతుబ్‌షాహీల ముఖ్యమైన రేవు. కలంకారీ అద్దకాలు, నూలు బట్టలు ఇక్కణ్ణించే పెగూకి, సయాంకి, పర్షియాకి, మక్కా వైపుకి వెళ్ళేవి. (సయాం అంటే ఇప్పటి థాయిలాండే, గమనించగలరు. అప్పుడు మన బట్టలు వెళ్ళేవి, ఇప్పుడు బట్టలు సర్దుకుని మనం వెళ్తున్నాం.)

విలియం మెథ్వోల్డ్ అని ఒకాయన 1618 నించి 1622 దాకా బందరు ఇంగ్లీషు కోఠీలో ఉన్నాడు. గోల్కొండ రాజ్యం గురించి ఆయన రాసింది 1626లో అచ్చయింది. బందరుకి ఆయన ఇచ్చిన రివ్యూ ఇప్పటి లెక్కలో చూస్తే ఒకటిన్నర స్టారు. జనం కిటకిటలాడే చిన్న ఊరు, చుట్టూ గోడ లేదు, ఇళ్ళు సరిగ్గా కట్టలేదు, ఊరున్న చోటు ఇంకా అధ్వాన్నం, బావుల్లో నీళ్ళన్నీ ఉప్పన, సముద్రం పోటెత్తినప్పుడల్లా ఊరి చుట్టూ చాలా మేర మునిగిపోతుంది. అదీ ఆయన కంప్లైంటు. బందరువాళ్ళు ఎవరైనా చదువుతుంటే కోప్పడకండి, మా అమ్మమ్మ ఊరు కూడా అదే.

కానీ అదే మనిషి ఇంకో మాట కూడా రాశాడు. ఈ రాజ్యంలో మతం విషయంలో ఎవరినీ ఎవరూ బలవంతపెట్టరని. 1620ల్లో ఒక ఇంగ్లీషువాడు ఈ మాట రాయడం చిన్న విషయం కాదు. ఆ టైముకి యూరప్‌లో మతం పేరుతో ముప్పయ్యేళ్ళ యుద్ధం నడుస్తోంది. గోల్కొండ సుల్తాను షియా, ఊరి జనం ఎక్కువమంది హిందువులు, వ్యాపారులు పర్షియన్లు, డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు. వాడివాడి పూజ వాడు చేసుకోవచ్చు. ఆ లెక్కన చూస్తే ఆయనకి లండన్‌లో కంటే బందరులోనే ప్రశాంతంగా అనిపించి ఉండాలి.

మరి భయం ఎక్కడ? గవర్నరు దగ్గర. మెథ్వోల్డే చెప్పిన సిస్టమ్ ఇది. ప్రాంతాల మీద పెత్తనం ఏడాదికోసారి వేలం. ఎవడు ఎక్కువ పాడితే వాడిదే. పాడినవాడు ఏడాదిలోపు పెట్టిన డబ్బూ, పైన లాభమూ రాబట్టుకోవాలి. రైతు దగ్గరా, నేతగాడి దగ్గరా, ఓడ మీద వచ్చినవాడి దగ్గరా. అంటే పోయినేడాది మంచిగా ఉన్న ఊరు ఈ ఏడాది అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. రాజు మంచివాడే, కానీ రాజు గోల్కొండలో ఉంటాడు. ఫర్మానా మీద ముద్ర ఆయనది, కస్టమ్స్ షెడ్డులో కూర్చునేది ఇంకొకడు. ఈ తేడా తెలియాలంటే 1600ల్లో పుట్టక్కర్లేదు, ఏ ఆఫీసులోనైనా ఒక్క ఫైలు కదిలించి చూస్తే చాలు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన కథ ఒకటుంది, నచ్చింది అనకూడదేమో. పీటర్ ఫ్లోరిస్ అని, ఇంగ్లీషు కంపెనీ తరఫున అదే గ్లోబ్ ఓడ మీద వచ్చిన వ్యాపారి. 1614లో తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యేసరికి గవర్నరు బాకీ పడ్డ డబ్బు రావట్లేదు. ఇవాళ రేపు అంటూ తిప్పుతున్నారు. ఓడకి గాలి సీజన్ దాటిపోతోంది. ఆ నవంబరులో ఫ్లోరిస్ ఏం చేశాడంటే, కస్టమ్స్ హౌసులో ఉన్న గవర్నరు కొడుకుని ఎత్తుకుపోయి ఓడ మీద కూర్చోబెట్టాడు. ఆ కుర్రాడి పేరు వెంకటాద్రి. బ్రాహ్మడు, పరాయి చోట వండింది ముట్టడు. రోజుల తరబడి ఓడ మీద తిండీ నీళ్ళూ ముట్టుకోకుండా కూర్చున్నాడు. చూడలేక ఫ్లోరిసే దిగొచ్చి, ఇతని బదులు పెద్దమనుషులు ఇద్దరు జామీనుగా ఓడెక్కితే వదిలేస్తానన్నాడట. ఒక్కడూ ముందుకి రాలేదు. చివరికి డబ్బు కట్టాకే వెంకటాద్రి ఒడ్డుకొచ్చాడు.

ఈ కథ చదివాక నా ప్రశ్నే తిరగబడిపోయింది. టూరిస్టుకి ఊళ్ళో భద్రత ఉందా అని అడుగుతాం. ఊరికి టూరిస్టు వల్ల భద్రత ఉందా అని ఎవడడుగుతాడు? తన తండ్రి ఊళ్ళో, తన తండ్రి ఆఫీసులో నించున్న కుర్రాడికి ఆ పొద్దున భయమేసి ఉండదు. ఎందుకేస్తుంది, సొంత ఊరే కదా!

సరే. తర్వాత కూడా గొడవలు ఆగలేదు. 1628లో ఇంగ్లీషువాళ్ళు బందరు వదిలేసి కింద ఆర్మగాం, అంటే మన దుగరాజపట్నం వైపుకి పోయారు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా బంగారు ఫర్మానా ఇచ్చాడు, ఏడాదికి 500 పగోడాలు (మన వరహాలు) కట్టి స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోండని. చరిత్ర పాఠాల్లో ఒక మార్కు బిట్టు ఇది. భద్రతని ఏడాది చందాకి కొనుక్కోవడం అన్నమాట.

మనుషుల వల్ల భయానికి మందు దొరికింది. మరి నీళ్ళ సంగతి?

ఈ భాగం కోసమే ఇదంతా రాస్తున్నాను. 1673లో జాన్ ఫ్రయర్ అనే డాక్టరు బందరు వచ్చాడు. ఆయన రాసిందాన్ని బట్టి, బందరు ఒంటికి పడని ఊరు కాబట్టి ఇంగ్లీషువాళ్ళకి ఉత్తరాన నలభై మైళ్ళ దూరంలో ఆరోగ్యకరమైన మకాం ఇంకోటి ఉండేది. దాని పేరు మెడపొల్లం. ఎక్కడో అనుకునేరు, నరసాపురం పక్కన గోదావరి ఒడ్డున ఉన్న మాధవాయపాలెం! ఇప్పటికీ సఖినేటిపల్లి వెళ్ళే పంటు ఎక్కేది అక్కడే. బందరు ఉప్పునీళ్ళూ, బురద గాలీ భరించలేక, తియ్యటి గోదారి నీళ్ళ కోసం, కొబ్బరి నీడ కోసం తెల్లవాళ్ళు వెతుక్కున్న చోటు. పక్కా రిసార్ట్ టౌన్, కాకపోతే పక్కనే బట్టల గోడౌను. అక్కడ కొన్న తెల్లటి నూలు గుడ్డకి ఆ ఊరి పేరే పడిపోయింది. ఫ్రెంచి, స్పానిష్ డిక్షనరీల్లో మదపోలం అనే మాట ఇప్పటికీ ఉంది. మాధవాయపాలెం వాళ్ళకి ఈ సంగతి ఎంతమందికి తెలుసో మరి.

అంటే 350 ఏళ్ళ కిందటే మన డెల్టాలో ఫారిన్ టూరిస్టులకి రిసార్టు ఉంది. వాళ్ళ భయాల లిస్టు ఒక్కసారి ఊహించండి. కోఠీకి గోడ, గేటుకి కాపలా, గవర్నరుకి కానుకలు, పక్కనున్న డచ్చివాడి మీద ఓ కన్ను. ఇంత సెక్యూరిటీ పెట్టుకుంటే, కంపెనీ ఉద్యోగుల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకున్నవి మాత్రం కత్తులు కాదు. జ్వరాలు, విరేచనాలు. గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నించున్నవాడి పక్కనించే కడవలో లోపలికి వచ్చాయి. బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి, పురావస్తు శాఖ బోర్డుతో సహా. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఓసారి మావయ్య తీసికెళ్ళాడు. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు, గుర్తులు చూసి ఏదో కోటలో రాజులనుకున్నాను. ఉద్యోగాలకొచ్చినవాళ్ళు. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఆన్‌సైట్ బ్యాచ్.

ఇంకోటి. సముద్రం పోటెత్తితే ఊరి చుట్టూ మునుగుతుందని మెథ్వోల్డ్ 1620ల్లోనే రాశాడా. మా భాషలో చెప్పాలంటే బగ్ రిపోర్ట్ అయింది. ఆ టికెట్ ఓపెన్‌లోనే ఉండిపోయింది. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకి సముద్రం బందరు మీద పడింది, దాదాపు 30,000 మంది పోయారు. మధ్యలో గోల్కొండ పోయింది, మొగలాయిలు వచ్చారు, ఫ్రెంచివాళ్ళు వచ్చారు, 1759లో ఇంగ్లీషువాళ్ళు కోట పట్టుకున్నారు. ఇన్ని చేతులు మారినా ఊరు మాత్రం అదే చోట, అదే ఎత్తులో.

దారి మీద ప్రయాణం మాటకొస్తే టావెర్నియే గుర్తొస్తాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి. 1652 జూలైలో బందరులో దిగి బెజవాడ మీదుగా గండికోట వైపు వెళ్ళాడు. బెజవాడ గుళ్ళ గురించీ, కొండమీది గుడికెక్కే మెట్ల గురించీ రాశాడు. వజ్రాల మూటతో తిరిగేవాడు కాబట్టి భద్రత గురించి ఆయన మాట లెక్కలోకి తీసుకోవచ్చు. ఆయన సలహా ఏంటంటే, మర్యాదగా ప్రయాణం చేయాలంటే ఇరవై ముప్పై మంది సాయుధుల్ని పెట్టుకోవాలి. కొందరికి విల్లంబులు, కొందరికి తుపాకులు. జీతం మనిషికి నెలకి నాలుగు రూపాయల చొప్పున. రాత్రి కాపలా కూడా వాళ్ళదే. ఇక్కడిదాకా మామూలే. అసలు కిటుకు ఇది: ఆ మనుషులకి ఊళ్ళో ఒక నాయకుడుంటాడు, వాళ్ళ నమ్మకానికి అతను పూచీ. వాళ్ళలో ఎవడైనా దగా చేస్తే జవాబు చెప్పాల్సింది ఆ నాయకుడే.

పూచీ. ఈ మాట చూసి చాలాసేపు ఆగిపోయాను. టావెర్నియేకి ఆ ముప్పైమంది ముక్కూ మొహం తెలీదు, భాష రాదు. అయినా నిద్రపోయేవాడు. తుపాకులు ఉన్నాయని కాదు, ఆ తుపాకులు తన వైపే తిరిగితే ఫలానావాడి మెడకి చుట్టుకుంటుందని తెలుసు కాబట్టి. అదే ప్రయాణంలో కృష్ణ దాటింది దేని మీదనుకున్నారు? పుట్టి మీద. వెదురు బుట్టకి బయట ఎద్దుతోలు చుట్టి, అడుగున కట్టెలు పరిచిన పుట్టి. లైఫ్ జాకెట్లు అడగొద్దు.

తెలుగువాడు రాసిన ప్రయాణం అంటే ఏనుగుల వీరాస్వామయ్యగారిది చెప్పుకోవాలి. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయల్దేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెళ్ళేటప్పుడు కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా, వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ మీదుగా మన కోస్తా వెంట. వెంట వంద మంది దాకా జనం. దారిపొడుగునా రాసుకున్నది 1838లో అచ్చయింది, అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు. దాన్ని వెలికితీసి 1941లో మళ్ళీ అచ్చు వేయించింది మా బెజవాడ ప్లీడరు దిగవల్లి వేంకట శివరావుగారు. ఈ ఒక్క పనికే ఆయనకి మా ఊళ్ళో ఓ పెద్ద రోడ్డు పేరు పెట్టొచ్చు, నన్నడిగితే.

ఆ పుస్తకంలో నాకు నచ్చేది బోరు కొట్టే భాగమే. ప్రతి మజిలీకీ ఒకటే వరస: ఊళ్ళో ఇళ్ళెన్ని, బావి నీళ్ళు మంచివా కాదా, దుకాణాల్లో సరుకులు దొరుకుతాయా, డేరా వేసుకోడానికి చోటుందా, దారి ఇసకా రాయా. గుడి గొప్పతనం తర్వాత, ముందు నీళ్ళు. ఆయన తర్వాత వెళ్ళేవాడి కోసం రాశాడు. తనకెలా అనిపించిందని కాదు, అక్కడ ఏముందని. మన రివ్యూలు చూడండి, "ఆసమ్ ప్లేస్, ఫీల్ గుడ్ వైబ్స్" అని ఉంటుంది, కింద కాఫీ కప్పు ఫోటో. అగ్నిప్రమాదమైతే బయటికి దారి ఉందా అని ఒక్కడూ రాయడు. నేనూ రాయలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జబల్పూరు వైపు స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి థగ్గుల్ని పట్టే పనిలో ఉన్నాడు. ఆ థగ్గుల కథల్లో ఎంత నిజం, ఎంత కంపెనీవాళ్ళ అతిశయోక్తి అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, ఆ గొడవ మనకొద్దు. వాళ్ళ పద్ధతని చెప్పేది మాత్రం వినాలి. బాటసారుల్లో బాటసారుల్లా కలుస్తారు. మర్యాదగా మాట్లాడతారు. దారిలో దొంగల భయం ఉందట, కలిసి వెళ్దాం అంటారు. రోజుల తరబడి కలిసి నడిచి, నమ్మకం కుదిరాక రుమాలు తీస్తారు. అంటే ఆయుధం రుమాలు కాదు. "హమ్మయ్య, తోడు దొరికింది" అనే ఫీలింగే.

ఇక ఈ కాలానికి వస్తా.

2004 డిసెంబర్ 26, ఆదివారం, మార్గశిర పౌర్ణమి. నాకు ఏడేళ్ళు. క్రిస్మస్ సెలవలకి బందరులో ఉన్నాం. పౌర్ణమికి మంగినపూడి బీచిలో సముద్రస్నానం మా అమ్మమ్మకి రివాజు. అక్కడ ఇసక కాదు, నల్లటి మట్టి, నీళ్ళు చాలాదూరం దాకా లోతుండవు. "మంగినపూడికేం భయం, మోకాలి లోతే" అనేది ఊళ్ళో అందరి మాటా. ఆ పొద్దున ఆటో కూడా మాట్లాడారు. నాకు జ్వరం తగిలి అమ్మ ఆగిపోయింది, అమ్మ ఆగిందని అమ్మమ్మ విసుక్కుంటూ ఆగింది. సుమత్రా దగ్గర భూకంపం మన టైము ప్రకారం ఆరున్నరకి. అల మన తీరానికి రావడానికి రెండు గంటల పైనే పట్టింది. రెండు గంటలు! ఇవాళైతే ఒక మీమ్ దేశమంతా రెండుసార్లు చుట్టొస్తుంది. కానీ అప్పుడు హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు. ఫలానా ఊరికి ఫోన్ చేసి చెప్పు అనే పని ఎవడి ఉద్యోగంలోనూ లేదు. కృష్ణా జిల్లాలో 27 మంది పోయారు, వాళ్ళలో మంగినపూడిలో స్నానానికి దిగినవాళ్ళూ ఉన్నారు.

అదే పొద్దున, అదే భూకంపానికి, ఫుకెట్, ఖావో లాక్ బీచుల్లో అల విరుచుకుపడింది. థాయిలాండ్‌లో ఐదు వేల మందికి పైగా పోయారు, అందులో సెలవలకొచ్చిన విదేశీయులే వేలల్లో. ఒక్క స్వీడన్ నించే ఐదొందల మందికి పైగా. వాళ్ళు బయల్దేరే ముందు ఏమని భయపడి ఉంటారు? జేబుదొంగలు, కల్తీ మందు, డెంగీ... మంగినపూడిలో స్నానానికి దిగిన మనవాళ్ళు దేనికీ భయపడి ఉండరు. రెండుచోట్లా తెలిసినవాళ్ళు చెప్పిన మాట ఒకటే, ఇక్కడేం భయం లేదని.

2007లో హెచ్చరిక కేంద్రం పెట్టారు. ఎక్కడో తెలుసా? హైదరాబాదులో, ప్రగతినగర్ దగ్గర ఇన్‌కాయిస్ ఆఫీసులో. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం మొత్తాన్ని చూస్తుంటారు. వీకెండ్ దోసెలకి ఆ దారిలోనే వెళ్తాను. అమ్మకి చెప్తే, "అయితే ఫుకెట్‌కి ఫోన్ చేసేది మనవాళ్ళేనా?" అంది. థాయిలాండ్ వాళ్ళది వాళ్ళకుందమ్మా, అయినా మనవాళ్ళ బులెటిన్లు చుట్టుపక్కల దేశాలకీ వెళ్తాయి అన్నాను. అప్పటిదాకా నేను చెప్పిన మొత్తం డేటాలో ఆవిడకి నచ్చింది ఇదొక్కటే. ఎందుకంటే ఇందులో ఒక మనిషి ఉన్నాడు, ఫోన్ చేయడం వాడి పని.

ఇప్పుడు మొదట్లో దాటేసిన సంగతి.

2017 నవంబరు 5, ఆదివారం, కార్తీక పౌర్ణమి మర్నాడు. నేను బీటెక్ మూడో ఏడు. ఆరుగురం ఫ్రెండ్సు కృష్ణ ఒడ్డుకి వెళ్ళి, పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని ఒక ప్రైవేటు పడవ మాట్లాడాం. పడవలో పట్టాల్సినదాని కంటే ఎక్కువమందిమి ఉన్నామని మాకు కనపడుతూనే ఉంది. మాలో ఒకడు, ఈత రానివాడు, లైఫ్ జాకెట్లు లేవా అనడిగాడు. పడవ అబ్బాయి నవ్వి, "కృష్ణమ్మ ఒళ్ళో జాకెట్లెందుకన్నా" అన్నాడు. మేమంతా నవ్వాం. అడిగినవాణ్ణి దారంతా ఏడిపించాం, నేను అందరికంటే ఎక్కువ ఏడిపించాను. హాయిగా వెళ్ళి హాయిగా వచ్చాం. రివ్యూ రాయమంటే ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

సరిగ్గా వారం. నవంబరు 12, ఆదివారం సాయంత్రం. అదే నీళ్ళలో, ఫెర్రీ దగ్గర, హారతి చూడ్డానికి వెళ్తున్న పడవ బోల్తా కొట్టింది. ఒంగోలు నించి కార్తీకమాసం విహారానికి వచ్చినవాళ్ళు ఎక్కువ. పొద్దున్నే కలిసి నడిచే వాకర్స్ క్లబ్బువాళ్ళు, కుటుంబాలతో వచ్చారు. ఇరవై మందికి పైగా పోయారు. ఆ పడవకి అనుమతే లేదని, జాకెట్లు లేవని తర్వాత పేపర్లలో వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండా 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో పడవ, ఇంకా ఎక్కువమంది.

మేమెక్కింది అదే పడవా కాదా నాకు తెలీదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు కూడా. ఆ రాత్రి మా ఈత రానివాడు ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు, నేనూ ఏమీ మాట్లాడలేదు, కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాం. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు, అమ్మ ఇది చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

పరాయి ఊళ్ళో అయితే మేము ఆ పడవ ఎక్కేవాళ్ళం కాదు. పోయినేడాది గోవాలో ఇదే పరిస్థితిలో దిగిపోయాను, పైగా ఆపరేటర్‌తో గొడవపడ్డాను. బెజవాడలో ఎందుకు ఎక్కానంటే నది మనది, అబ్బాయి మన యాసలో "అన్నా" అన్నాడు. టావెర్నియే అయితే కొత్తవాడు కాబట్టి, ముందు నాయకుణ్ణి వెతుక్కుని, వీళ్ళకి పూచీ ఎవరయ్యా అని అడిగేవాడు. వీరాస్వామయ్యగారైతే జాకెట్లు ఎన్ని, మనుషులెంతమంది అని లెక్క రాసుకునేవారు. నేను, కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగి ఇంజనీరింగ్ చదువుతున్నవాణ్ణి, పక్కవాణ్ణి ఏడిపించాను.

ఫుకెట్ ప్లాను అలాగే ఉంది. దీవులకి తీసికెళ్ళే పడవవాళ్ళకి మెయిల్ పెట్టాను: లైసెన్సు నంబరెంత, ఎంతమందిని ఎక్కిస్తారు, పెద్దవాళ్ళ సైజు జాకెట్లున్నాయా, గాలి ఎక్కువైతే ట్రిప్పు ఆపే నిర్ణయం ఎవరిది. మర్నాడే జవాబు వచ్చింది, మూడింటికి సమాధానం ఉంది. నాలుగోదానికి లేదు. మళ్ళీ అడిగాను, చూడాలి.

పోయిన కార్తీకంలో బెజవాడ వెళ్ళినప్పుడు అమ్మ, నాన్న, నేను నది మీద కాసేపు తిరిగొద్దామని వెళ్ళాం. ఈసారి జాకెట్లు ఇచ్చారు. అమ్మకి పట్టుచీర నలుగుతుందని బెంగ, "పది నిమిషాలకి ఎందుకురా ఇదంతా, మన కృష్ణేగా" అంది. ఆవిడ జాకెట్‌కి పైబకిల్ విరిగిపోయి ఉంది. పడవవాడు పర్లేదన్నాడు. నేను పర్లేదనలేదు. వేరేది ఇచ్చేదాకా మెట్టు మీదే నించున్నాను, వెనక లైను పెరిగిపోయింది, ఎవరో గొణిగారు, నాన్న మొహం చాటేశారు. ఐదు నిమిషాలకి ఇంకోటి తెచ్చారు. తడిసి బరువుగా, వాసనగా ఉంది. అమ్మకి నేనే తొడిగి బకిళ్ళు మూడూ పెట్టాను.

"ఫుకెట్‌లో కూడా ఇలాగే పరువు తీస్తావా?" అంది అమ్మ.

తీస్తానన్నాను.